ఎర్రదారం కట్టిన రెండు గడ్డలు

మందుల కార్ఖానాలో హాజరు పుస్తకానికి తప్ప అతని అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ జాగ్రత్తయ్యే. మెట్లెక్కేవాడికి జాగ్రత్త, దిగేవాడికి జాగ్రత్త, ఎక్కకుండా దిగకుండా మెట్ల పక్కన ఊరికే నిలబడి గోళ్ళు గిల్లుకునేవాడికి ఇంకాస్త జాగ్రత్త అని చెప్పందే అతనికి ముద్ద దిగదు. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు. నాలుగోసారి కూడా లాగాలనే ఉంటుంది. కానీ లాగి లాగి తాళమే ఊడొస్తుందేమోనని ఇంకో భయం అడ్డొస్తుంది.

ఇంత పిరికి మనిషి ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పని మాత్రం విషం కోయడం.

విషమంటే పాము కోరల్లోది కాదు, సీసాలోదీ కాదు. చూడ్డానికి అచ్చం ఉల్లిపాయ. అడవి ఉల్లి అంటారు, కొందరు నక్కఉల్లి అంటారు. సముద్రం దగ్గరి ఇసుక నేలల్లో, రాళ్ళ గుట్టల వాలుల్లో దానంతటదే పెరుగుతుంది. పశువులు దాని ఆకు దగ్గరికొచ్చి మూతి తిప్పుకుని పోతాయి. తవ్వేవాళ్ళు గోనెసంచుల్లో తెచ్చి పడేస్తే, కార్ఖానాలో పై పొరలు వొలిచి, పల్చటి చక్రాల్లా కోసి, ఆరబెట్టి, పొడి చేస్తారు. ఆ పొడి చిటికెలో చిటికె కలిస్తే గొంతులో పట్టిన కఫం కరిగి దగ్గు తగ్గుతుంది. పాదాల్లో ఆనెకాయలకు రాసే మందులోనూ వేస్తారు. కొలత తప్పిందా, అదే పొడి గుండెను పట్టుకుంటుంది. కొట్టుకునే గుండెను నెమ్మదింపజేసి, ఇంకా నెమ్మదింపజేసి, చివరికి కొట్టుకోవడమే మరిపిస్తుంది. ఇదే జాతిలో ఎర్రరంగు గడ్డను ఎలుకల మందుకు వాడతారు. ఎలుకకు వాంతి చేసుకోవడం చేతకాదు, మింగిందల్లా లోపలే ఉండిపోతుంది. ఈ సంగతి విన్న రోజు నుంచి జాగ్రత్తయ్యకు ఎలుకల మీద కూడా జాలి.

పచ్చిగడ్డ కోసేటప్పుడు ఉల్లిపాయలా కళ్ళలో నీళ్ళు రావు. దురద పెడుతుంది. వెనకటికి ఒకాయన చేతులు కడుక్కోకుండా వీపు గోక్కున్నాడట. ఆ తర్వాత గోడకు వీపు రుద్దుతూ రుద్దుతూ సాయంత్రానికి ఆ గది సున్నమంతా రాల్చేశాడని, ఆ ఏడు వెల్లవేసే ముందు గోడలు గీకించే ఖర్చు యజమానికి మిగిలిందని చెప్పుకుంటారు. అందుకే అక్కడ గడ్డలు కోసేవాళ్ళంతా మధ్యాహ్నం చెంచాలతోనే తింటారు. ఉల్లిపాయ అనేది ఆ గేటు లోపలికి రాకూడదని కూడా నియమం. పొరపాటు పడే అవకాశమే ఉండకూడదని.

ఇంకో పద్ధతి ఉంది. సంచులు వచ్చిన ప్రతిసారీ రెండు గడ్డలు తీసి, తూచి, మెడకు ఎర్రదారం కట్టి పక్కన పెడతారు. వాటిని సాక్షిగడ్డలంటారు. పదిరోజుల్లో అవి కుళ్ళితే సరుకు మంచిది కాదని తవ్వినవాడికి చూపించాలి. కార్ఖానాలో ఉంచితే ఆరబెట్టే గది వేడికి మంచి గడ్డ కూడా కుళ్ళుతుంది. కాబట్టి కోతవాళ్ళలో పెద్దవాడు వాటిని ఇంటికి తీసుకెళ్ళి గాలి తగిలే చోట వేలాడదీయాలి. అలా అవి జాగ్రత్తయ్య ఇంటి వెనక వరండాలో, వంటింటి కిటికీ పక్కన, ఒక మేకుకి వేలాడేవి.

పెళ్ళయిన మొదటి రోజే భార్యకు ఆ మేకు చూపించాడు. కూతురికి నడక రాకముందే చూపించాడు. పక్కింటివాళ్ళకు, పాలు పోసేవాడికి, గోడలకు రంగు వేయడానికి వచ్చినవాళ్ళకు చెప్పాడు. ఇంట్లో కుక్క ఉన్న రోజుల్లో దాని తల రెండు చేతులా పట్టుకుని అటు తిప్పి చూపించాడు. భార్య నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. పంతొమ్మిదేళ్ళలో ఆ మేకు జోలికి ఎవరూ పోలేదు.

అతను ఆ సంగతి చెప్పని మనిషి ఒక్కరే. అత్తగారు.

ఆవిడ ముప్పై ఏళ్ళు నర్సుల హాస్టల్లో వార్డెనుగా చేసి దిగిన మనిషి. ఆవిడ దగ్గితే మూడో అంతస్తులో దీపాలు ఆరిపోయేవట. పెళ్ళిచూపుల్లో "ఏం చేస్తుంటారు?" అని అడిగింది. "గడ్డలు కోస్తానండి" అన్నాడు. "ఏం గడ్డలు?" అంది. దానికి జవాబు చెప్పబోయి, మంచినీళ్ళు తాగి, ఆ నీళ్ళు పొరబోయి, దగ్గుతూ బయటికి వెళ్ళాడు. ఆ జవాబు ఇంకా బాకీయే. అప్పట్నుంచి ఆవిడతో అతను మాట్లాడింది నాలుగే మాటలు: బాగున్నారా, కూర్చోండి, భోంచేశారా, వెళ్ళొస్తాను. ఏడాదికోసారి రెండురోజులు వచ్చి వెళ్ళే మనిషి కాబట్టి ఆ నాలుగూ చాలేవి.

ఈసారి కంటి ఆపరేషను చేయించుకుని, కొన్నాళ్ళు కూతురి దగ్గర ఉందామని వచ్చింది. మూడు వారాలైంది. రోజూ పొద్దున వెనక వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చునేది. జాగ్రత్తయ్య రోజూ ఆ పక్కనుంచే వెళ్ళేవాడు. చెప్పాలి అనుకునేవాడు. ఆవిడ కళ్ళజోడు పైకెత్తి చూసేది. "వెళ్ళొస్తానండి" అనేవాడు.

ఆ రోజు కూతురి పరీక్ష వేరే ఊళ్ళో ఉందని భార్య తెల్లవారుజామునే పిల్లను తీసుకుని వెళ్ళింది. రేపటికి గానీ రారు. మధ్యాహ్నం కార్ఖానా పెరట్లో, చెట్టు కింద బల్ల మీద కోతవాళ్ళు డబ్బాలు విప్పుతున్నారు. గేటు దగ్గర అత్తగారు కనిపించింది. చేతిలో గుడ్డ చుట్టిన డబ్బా.

"అల్లుడుగారూ, రోజూ చల్లారిందే తింటున్నారట. మా అమ్మాయి లేదు కదా అని ఇవాళ నేనే వండి తెచ్చాను."

బల్లకు అవతల కూర్చున్న తూకాలమ్మ జరిగి ఆవిడకు చోటిచ్చింది. సంచులు తూచేది తూకాలమ్మే, కార్ఖానాలో జాగ్రత్తయ్య కంటే ఏడాది ముందు చేరిన మనిషి.

"అత్తగారు డబ్బా మోసుకొచ్చారంటే పెట్టి పుట్టావయ్యా," అంది. "మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ నా డబ్బా ఖాళీ చేయడమే గానీ నింపిన పాపాన పోలేదు."

జాగ్రత్తయ్య మూత తీశాడు. అన్నం, బంగాళాదుంపల కూర. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. చేదు. ఏదో మాడిందేమో అనుకున్నాడు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా అత్తగారు. మాట, ముద్ద రెండూ కలిసి కిందికి దిగాయి.

"ఎలా ఉంది?"

"బాగుందండి." పంతొమ్మిదేళ్ళలో అది అయిదో మాట.

"నాకు మాత్రం చేదు తగిలింది. మాత్రలు మింగి మింగి నా నాలుక చెడింది లెండి. అయినా పదకొండింటికే కడుపునిండా తిన్నాను. నాకు ఆకలి ఆగదు."

అతను రెండో చెంచా తిన్నాడు. ఆవిడ వేళ్ళు గోక్కుంటోంది.

"మీ ఇంట్లో సబ్బు మార్చండి అల్లుడుగారూ. కూర తరిగినప్పట్నుంచి చేతులు ఒకటే దురద."

మూడో చెంచా నోట్లోకి వెళ్ళింది గానీ అతను నమలడం లేదు. ఆవిడ వేళ్ళ సందుల్లో ఎర్రటి దద్దుర్లు. అలాంటివి అతను ఇరవై ఆరేళ్ళుగా కొత్తగా పనిలో చేరిన ప్రతి మనిషి చేతుల మీదా చూశాడు.

"ఏమైనా ఆ కంటి డాక్టరు మహానుభావుడు," అంది ఆవిడ తూకాలమ్మ వైపు తిరిగి. "ఇవాళ రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగాను. చుక్క నీళ్ళు రాలేదు కంట్లోంచి. ఆపరేషనంటే అలా చెయ్యాలి."

బల్ల చుట్టూ ఉన్న ఆరుగురూ తినడం ఆపేశారు.

"పెద్దమ్మగారూ," అంది తూకాలమ్మ, చాలా మెల్లగా. "ఆ ఉల్లిపాయలు ఎక్కడివి?"

"వెనక వరండాలో మేకుకి ఉన్నాయి. బుట్టలో చూస్తే ఒక్కటీ లేదు. మా అమ్మాయి మంచివి రెండు ఏరి ఎర్రదారం కట్టి దాచుకుంది. వస్తే కోప్పడుతుంది కాబోలు."

జాగ్రత్తయ్య నోట్లోది ఉమ్మేసి లేచి నిలబడ్డాడు. ఆవిడ పదకొండింటికి తింది, ఇప్పుడు పన్నెండున్నర. గంటన్నర. ఆ లెక్క ఒక్కటే తలలో గిర్రున తిరుగుతోంది. మాట్లాడాలని నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది తూకాలమ్మ.

"అత్తయ్యా, లేవండి. ఆసుపత్రికి వెళ్దాం."

"ఎవరికి బాగాలేదు?"

"మీకేనండి."

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను," అని ఆవిడ లేవబోయి, బల్ల అంచు పట్టుకుని మళ్ళీ కూర్చుంది. "కొంచెం తిప్పుతోంది. ఎండలో నడిచానుగా."

తూకాలమ్మ సంచిలోంచి ఒక గడ్డ తీసి గుడ్డలో చుట్టి అతని జేబులో కుక్కింది, డాక్టరుకు చూపించమని. సరుకు తెచ్చే వ్యానులోనే ఎక్కించారు. సందు మలుపు తిరగకముందే ఆవిడ వాంతి చేసుకుంది. డబ్బా మూత, గుడ్డ, చివరికి జాగ్రత్తయ్య చొక్కా, ఏదీ మిగల్లేదు. అతనికి మాత్రం ప్రాణం కొంచెం లేచొచ్చింది. బయటికి వచ్చిందంతా లోపల లేనట్టే కదా.

"ఏం బాబాయ్, అత్తగారికి ఏం పెట్టావేంటి?" అన్నాడు డ్రైవరు అద్దంలో చూస్తూ. అతను హాస్యానికే అన్నాడు.

ఆ మాట జాగ్రత్తయ్య గుండెలో మేకులా దిగింది. రేపు భార్య అడగబోయేది అదే. ఊరంతా అడగబోయేదీ అదే. విషం ఎంతలో మందు, ఎంతలో మరణం అన్నది ఇరవై ఆరేళ్ళుగా తెలిసినవాడు. ఇంట్లో ఇద్దరే ఉన్న రోజు. గుండెలు తీసిన అల్లుడు అంటారు. అంటే అననీ. ఈవిడ బతికితే చాలు.

జీవితంలో మొదటిసారి అత్తగారి చెయ్యి పట్టుకున్నాడు. మణికట్టు దగ్గర వేళ్ళు పెట్టి, వాచీ చూస్తూ లెక్కపెట్టాడు. యాభై ఎనిమిది. గతుకుల వల్ల తప్పు పోయిందేమోనని మళ్ళీ లెక్కపెట్టాడు. యాభై రెండు. మూడోసారి లెక్కపెట్టడానికి ధైర్యం చాల్లేదు, కానీ చెయ్యి వదల్లేదు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు. గుడ్డ విప్పి గడ్డను అటూ ఇటూ తిప్పాడు. "ఉల్లిపాయే కదా ఇది?" అన్నాడు.

"కాదండి," అన్నాడు జాగ్రత్తయ్య. ఆశ్చర్యం, గొంతు పలికింది. ఏ గడ్డో, ఎన్నింటికి తిన్నదో, రెండూ కలిపి నూట పది గ్రాములని, సగం డబ్బాలోకి వచ్చిందని, సగం ఆవిడ కడుపులోకి పోయిందని, గుండె నెమ్మదిస్తుందని గడగడా చెప్పాడు. డాక్టరు మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. ఎవరికో ఫోను చేశాడు, తల ఊపాడు, నర్సును పరిగెత్తించాడు.

ఆవిడ ఛాతీకి తీగలు అతికించారు. మంచం పక్కన పెట్టె మీద ఆకుపచ్చ అంకె వెలిగింది. నలభై ఏడు. బొగ్గుపొడి కలిపిన నల్లటి నీళ్ళు గ్లాసుతో తెచ్చి తాగించారు.

"మా హాస్టల్లో కాఫీ ఇలాగే ఉండేది," అంది ఆవిడ నీరసంగా. "పిల్లలు ఊరికే గోల పెట్టేవాళ్ళు కాదన్నమాట."

జాగ్రత్తయ్యకూ తీగలు పెట్టి చూశారు. అతని అంకె నూట ఇరవై ఆరు. డాక్టరు కాగితం చూసి, "మీరు తిన్న రెండు చెంచాల విషం లోపలికి వచ్చి చూసి, ఇక్కడ మనకు చోటు లేదని వెళ్ళిపోయినట్టుంది," అన్నాడు. "భయపడటం ఆపితే మీకేం కాదు. పెద్దావిణ్ణి మాత్రం రేపటి దాకా కనిపెట్టుకుని ఉండాలి. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

ఇప్పుడే ఏమీ చెప్పలేను. ఆ మాటతో అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి డాక్టరు వెళ్ళిపోయాడు. నలభై ఆరు. నలభై అయిదు. జాగ్రత్తయ్య చూడకుండా ఉండలేడు, చూస్తూ ఉండలేడు.

"ఇంతకీ నేను తిన్నది ఏమిటి?" అంది అత్తగారు కళ్ళు మూసుకునే.

చెప్పాడు. ఎర్రదారం ఎందుకో, మేకు ఎందుకో అంతా చెప్పాడు.

"ఈ సంగతి ఇంట్లో ఎవరికి తెలుసు?"

"అందరికీ తెలుసండి."

"కుక్కక్కూడా జాగ్రత్తలు చెప్పావని అమ్మాయి అంటుంటే నవ్వాను, ఏం జాగ్రత్తలో అడగలేదు. మూడు వారాలు ఆ మేకు కిందే కూర్చున్నాను. నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ 'మీరు' వదిలేసి 'నువ్వు'లోకి దిగిన సంగతి ఇద్దరూ గమనించలేదు. జాగ్రత్తయ్య నేలకేసి చూశాడు. అబద్ధం వెతుక్కోవడానికి కూడా బుర్ర పనిచేయడం లేదు.

"మీరంటే భయమండి."

"విషం కంటేనా?"

అతను నిజంగానే ఆలోచించాడు.

"అవునండి."

పెట్టె మీద అంకె నలభై రెండుకు పడింది. ఏదో కూత మొదలైంది. నర్సు వచ్చింది, వెనకే డాక్టరు వచ్చాడు. చేతికి గుచ్చిన సూదిలోంచి మందు ఎక్కించారు. జాగ్రత్తయ్య గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు. తను ఆ మాట అనకుండా ఉండాల్సిందా? మాట్లాడకపోతే విషం తినిపించాడు, మాట్లాడితే గుండె ఆపేస్తున్నాడు. నలభై రెండు. నలభై రెండు. నలభై నాలుగు. కూత ఆగింది. నర్సు అతన్ని చూసి, "కూర్చోండి, మీకు ఇంకో మంచం వేయలేను," అంది.

అతను స్టూలు దగ్గరికి వచ్చేసరికి అత్తగారు కళ్ళు తెరిచి ఉంది. మొదటిసారి ఆ కళ్ళలో తన భయం లాంటిదే అతనికి కనిపించింది.

"మాట్లాడు," అంది. "ఊరికే ఆ పెట్టె వంక చూడకు. నువ్వు దాన్ని చూస్తున్న మొహం చూస్తే నాకు చచ్చేంత భయంగా ఉంది. ఏదో ఒకటి చెప్పు. ఆ దిక్కుమాలిన గడ్డ ఎక్కడ పుడుతుందో అదే చెప్పు."

అతను పెట్టెకు వీపు పెట్టి కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కసారే తవ్వేవాళ్ళతో వెళ్ళాడట. ఎండాకాలం చివర. ఇసుక మీద ఒక్క ఆకు లేదు. ఇక్కడేముంది అనుకుంటుంటే, ఆకు తోడు లేకుండా ఒక్క కాడ మాత్రం కర్ర పాతినట్టు నిటారుగా లేచి ఉంది. దాని పొడుగునా చిన్నచిన్న పూలు. పువ్వు ముందు, ఆకు తర్వాత. సాయంత్రం విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోతాయట. వానలు పడ్డాక గానీ ఆకులు రావు. తవ్వేవాళ్ళు ఆ కాడను గుర్తుపెట్టుకుని, అది ఎండిపోయాక కూడా సరిగ్గా అక్కడే తవ్వుతారు.

"అందంగా ఉంటుందా పువ్వు?"

"తెలీదండి. నేను దూరంగా నిలబడ్డాను."

ఆవిడ పొట్ట కదిలింది. నవ్వో, నొప్పో అతనికి అర్థం కాలేదు. తిరిగి పెట్టె చూడబోయాడు. "అటు తిరగకు," అంది ఆవిడ. తిరగలేదు. కోత ఎలా కొయ్యాలో చెప్పాడు, ముక్కలు ఆరాక మూత బిగించకపోతే గాలిలో తడి తాగి మెత్తబడతాయని చెప్పాడు, దగ్గుమందులో ఎన్ని చుక్కలో చెప్పాడు. ఆవిడ హాస్టల్లో పారిపోయిన పిల్లల సంగతులు చెప్పింది. మధ్యలో మాట ఆగినప్పుడల్లా అతని చెయ్యి దానంతటదే ఆవిడ మణికట్టు మీదికి పోయేది.

మర్నాడు పదిగంటలకు భార్య, కూతురు సామాను సంచులతోనే వచ్చారు. అంకె యాభై ఆరు. గుమ్మంలోనే భార్య మొహం పాలిపోయింది. అత్తగారు నోరు తెరవబోయింది, అతను ముందు అందుకున్నాడు.

"తప్పు నాదే. అందరికీ చెప్పాను. అత్తయ్యకు ఒక్కరికే చెప్పలేదు."

భార్య అతని వంక చూసింది. వెళ్ళి తల్లికి అవతలి పక్కన కూర్చుంది. ఆ తర్వాత అయిదు రోజులు అతనితో మాట్లాడలేదు. ఆ అయిదు రోజులూ ఇంట్లోవాళ్ళలో అతనితో మాట్లాడింది అత్తగారొక్కతే.

మూడోరోజు ఆవిణ్ణి ఇంటికి పంపారు. నాలుగోరోజు జాగ్రత్తయ్య యజమాని గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళి, సాక్షిగడ్డలు ఇక ఎవరి ఇంటికీ వెళ్ళవని చెప్పాడు. ఇప్పుడవి కార్ఖానా పెరట్లో, గాలి తగిలే ఇనుప జాలీ పెట్టెలో, తాళం వేసి ఉంటాయి. వరండాలో మేకు పీకేసి, ఆ కన్నం సిమెంటుతో పూడ్చాడు.

భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. రెండు నెలలైనా తెల్లవారేసరికి మెలకువ వచ్చేస్తుంది. చెప్పులు వేసుకోకుండా అత్తగారి గది దాకా వెళ్ళి, తలుపు సందులో చెవి పెట్టి, ఊపిరి వినబడుతోందా అని నిలబడతాడు. వినబడ్డాక కూడా ఇంకో పదిసార్లు లెక్కపెట్టుకుంటాడు.

ఒకరోజు లెక్క ఏడు దగ్గర ఉండగా లోపల్నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"బతికే ఉన్నాను బాబూ. కాళ్ళు చల్లబడతాయి, లోపలికొచ్చి కూర్చుని లెక్కపెట్టుకో."